మెకానికల్ చదివి మెటీరియల్స్‌లో ఎంటెక్ చేయాలంటే: విజయవాడ, గుంటూరు విద్యార్థులకు ఒక దారి

మెటీరియల్స్ ఇంజినీరింగ్‌లో ఎంటెక్ చేయాలనుకునే వాళ్లు మొదట అడగాల్సింది "ఏ కాలేజీ మంచిది" అని కాదు. మీ బీటెక్ ఏ బ్రాంచి, ఆ బ్రాంచితో గేట్‌లో, అంటే ఎంటెక్ ప్రవేశానికి రాసే జాతీయ పరీక్షలో, ఏ పేపరు రాస్తే ఎక్కడెక్కడ సీటుకు అర్హత వస్తుంది అన్నది ముందు తేల్చుకోవాలి. మన చుట్టుపక్కల మెటలర్జీ (లోహశాస్త్రం) బ్రాంచి ఉన్న కాలేజీలు తక్కువ. నూజివీడు ట్రిపుల్ ఐటీ వాళ్ల సంగతి వేరు, వాళ్లు బీటెక్‌లోనే ఈ సబ్జెక్టు చదువుతారు. కానూరులోనో వడ్లమూడిలోనో చౌడవరంలోనో మెకానికల్, కెమికల్ చదివినవాళ్లు, నాగార్జున యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసినవాళ్లు ఈ దారిలోకి ఎలా రావాలన్నదే ఇక్కడి విషయం.

ముందే ఒక మాట. ఈ సబ్జెక్టు విజయవాడలో, గుంటూరులో కూర్చుని ప్రిపేర్ అవ్వొచ్చు గానీ చదవడానికి మాత్రం ఊరు దాటాల్సిందే. పెద్ద ఫర్నేసులు, ఎక్స్‌రే డిఫ్రాక్షన్ యంత్రం, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు లేని చోట మెటీరియల్స్ ఎంటెక్ చేసినా, చేతిలో డిగ్రీ తప్ప పని రాదు. ఇల్లు దగ్గరని రాజీపడకండి. వరంగల్ నిట్ రైల్లో మూడు, నాలుగు గంటల దూరమే.

మొదటి మెట్టు: ల్యాబులో ఒక పూట

ఫారాలు, ఫీజుల కంటే ముందు ఈ పని మీకు నచ్చుతుందో లేదో చూసుకోండి. మెకానికల్ రెండో ఏడాదిలో మెటలర్జీ ల్యాబు ఉంటుంది. అక్కడ రికార్డు రాసి సంతకం పెట్టించుకోవడంతో సరిపెట్టి ఉంటే, మళ్లీ వెళ్లి ఒక్క శాంపిల్ పూర్తిగా మీ చేత్తో చేయండి. ల్యాబు ఇన్‌చార్జిని అడిగి, ఆయన ఉన్నప్పుడే చేయండి.

జవహర్ ఆటోనగర్‌లో ఏ లేత్ షాపులో అడిగినా మైల్డ్ స్టీల్ రాడ్ ముక్క ఇస్తారు. 15 మిల్లీమీటర్ల వ్యాసం, 10 మిల్లీమీటర్ల ఎత్తు చాలు. హ్యాక్‌సాతో నిదానంగా, నీళ్లు పోస్తూ కోయండి. గ్రైండర్ పెట్టి నీలం రంగు తేలేదాకా కోస్తే ఆ వేడికి లోపలి నిర్మాణమే మారిపోతుంది, మీరు చూసేది అసలు స్టీలు కాదు. తర్వాత 220, 400, 600, 800, 1000, 1200 నంబర్ల ఎమెరీ పేపర్ల మీద వరసగా రుద్దాలి. కొన్ని ల్యాబుల్లో ఇవే 1/0 నుంచి 4/0 దాకా అని ఉంటాయి. ఒక పేపరు మీద ఒకే దిశలో రుద్దండి. తర్వాతి పేపరుకు వచ్చేసరికి ముక్కను 90 డిగ్రీలు తిప్పండి. పాత గీతలు పూర్తిగా పోయాకే ముందుకు వెళ్లాలి. పేపరు మారిన ప్రతిసారీ ముక్కను, చేతులను నీళ్లతో కడగండి. చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు: 220 పేపరు రేణువు ఒక్కటి 1000 పేపరు మీదికి వచ్చినా లోతైన గీత పడుతుంది, పని మళ్లీ మొదటికి వస్తుంది.

ఆ తర్వాత గుడ్డ బిగించిన డిస్కు మీద అల్యూమినా పొడి కలిపిన నీళ్లతో అద్దంలా మెరిసేదాకా పాలిష్ చేసి, కడిగి, ఆల్కహాలు పోసి, డ్రయ్యరుతో ఆరబెట్టండి. ఎచింగ్‌కి, అంటే లోపలి నిర్మాణం కనిపించేలా యాసిడ్‌తో పైపొరను కొద్దిగా తినిపించడానికి, 2 శాతం నైటాల్ కావాలి: 98 మిల్లీలీటర్ల ఇథనాల్‌లో 2 మిల్లీలీటర్ల గాఢ నైట్రిక్ యాసిడ్. యాసిడ్‌ను ఆల్కహాలులోకి చుక్కచుక్కగా పోయాలి, గ్లవ్స్, కళ్లజోడు తప్పనిసరి. మిగిలిన ద్రవాన్ని బిగుతు మూత సీసాలో దాచకండి, లోపల వాయువు పుట్టి సీసా పగిలే ప్రమాదం ఉంది. ముక్కను అయిదు నుంచి పది సెకన్లు ముంచండి. మెరుపు తగ్గి మసకబారగానే తీసి కడగాలి. ఎక్కువసేపు ఉంచితే అంతా నల్లబడి ఏమీ కనిపించదు, మళ్లీ పాలిష్ చేసుకోవాలి.

మైక్రోస్కోపు కింద తెల్లగా కనిపించేది ఫెరైట్, అంటే దాదాపు శుద్ధ ఇనుము. నల్లగా ఉన్నది పెర్లైట్, అంటే ఫెరైట్, సిమెంటైట్ (ఇనుము, కార్బన్ సమ్మేళనం) పొరలు. 0.2 శాతం కార్బన్ ఉన్న స్టీలైతే నలుపు దాదాపు పావు వంతు ఉండాలి. మీకు కనిపించింది ఆ లెక్కకు దగ్గరగా ఉందా? ఉంటే ఎందుకు, లేకపోతే ఎందుకు అన్న ప్రశ్న మీకు పుడితే ఈ సబ్జెక్టు మీదే. మూడు గంటల పని విసుగనిపిస్తే మాత్రం ఆలోచించుకోండి. థీసిస్ ఏడాదిలో నెలల తరబడి చేయాల్సింది ఇదే.

వీలైతే సూరంపల్లిలోని సీపెట్‌కి (కేంద్ర ప్లాస్టిక్స్ శిక్షణ సంస్థ) వెళ్లి ప్లాస్టిక్ ప్రాసెసింగ్, టెస్టింగ్ ఎలా జరుగుతాయో చూడండి. మెటీరియల్స్ అంటే లోహాలే కాదు, పాలిమర్లు, సెరామిక్స్, సెమీకండక్టర్లు కూడా. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో ఇండస్ట్రియల్ విజిట్ దొరికితే బాయిలర్ ట్యూబులు ఎందుకు పగులుతాయో అడగండి. ఎక్కువ వేడిలో, ఒత్తిడిలో ఏళ్ల తరబడి ఉన్న స్టీలు మెల్లగా సాగుతూ పోతుంది, దాన్నే క్రీప్ అంటారు. ఆటోనగర్‌లో లారీ కమాన్లను ఎర్రగా కాల్చి నూనెలో ముంచి, మళ్లీ తక్కువ వేడిలో ఎందుకు కాలుస్తారో గమనించండి. ఇంటర్వ్యూలో పుస్తకం వాక్యం కంటే ఇలా కళ్లారా చూసి చెప్పిన సమాధానం బలంగా ఉంటుంది.

గేట్‌లో ఏ పేపరు

ఎమ్‌టీ అంటే మెటలర్జికల్ ఇంజినీరింగ్ పేపరు. 100 మార్కుల్లో ఆప్టిట్యూడ్ 15, మ్యాథ్స్ 13, మిగిలిన 72 పూర్తిగా మెటలర్జీ. ఇందులో ఖనిజం నుంచి లోహం తీయడం, మినరల్ ప్రాసెసింగ్ కూడా ఉంటాయి. మెకానికల్ వాళ్లకు ఇవి బొత్తిగా కొత్త.

ఎక్స్‌ఈ అంటే ఇంజినీరింగ్ సైన్సెస్. ఆప్టిట్యూడ్ 15, ఏ-సెక్షన్ మ్యాథ్స్ 15, ఆపైన మీరు ఎంచుకున్న రెండు సెక్షన్లు, ఒక్కొక్కటి 35. మెటీరియల్స్ సైన్స్ సీ-సెక్షన్. మెకానికల్ వాళ్లకు సీ తోపాటు డీ, అంటే సాలిడ్ మెకానిక్స్, లేదా ఈ, అంటే థర్మోడైనమిక్స్ సహజమైన జత. కెమికల్ వాళ్లు సీ తోపాటు బీ, అంటే ఫ్లూయిడ్ మెకానిక్స్, లేదా ఎఫ్, అంటే పాలిమర్ సైన్స్ తీసుకోవచ్చు. మీరు ఇప్పటికే చదివినది సగం పనికొస్తుంది కాబట్టి, మెటలర్జీ నేపథ్యం లేనివాళ్లకు మా సలహా ఎక్స్‌ఈ. నాలుగో ఏడాది మొదట్లో తీరిగ్గా ఎమ్‌టీ మొదలుపెడితే ఎక్స్‌ట్రాక్షన్ భాగమే సమయమంతా తినేస్తుంది.

అయితే ఒక చిక్కుంది. ప్రతి ప్రోగ్రామూ ప్రతి పేపరునూ ఒప్పుకోదు. కొన్ని మెటీరియల్స్ ప్రోగ్రాములు ఎమ్‌ఈ (మెకానికల్) పేపరునూ తీసుకుంటాయి, కొన్ని ఎమ్‌టీ వాళ్లకే, కొన్ని మెటలర్జీ బీటెక్ వాళ్లకే సీటిస్తాయి. దరఖాస్తు నింపకముందే మీకు కావాల్సిన ఆరేడు ప్రోగ్రాముల అర్హత పట్టిక గత ఏడాది బ్రోషర్‌లో చూసి, ఒక కాగితం మీద రాసుకోండి: ప్రోగ్రామ్ పేరు, ఒప్పుకునే పేపర్లు, ఒప్పుకునే డిగ్రీలు. ఈ ఒక్క కాగితం లేకనే మంచి స్కోరు ఉండి కూడా సీటు దొరకని పరిస్థితి వస్తుంది. రెండు పేపర్లు రాయాలనుకుంటే గేట్ ప్రకటించిన జతల్లో అవి ఉండాలి.

మూడో ఏడాది నుంచే గేట్ రాయొచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. కాబట్టి మూడో ఏడాదిలో ఒకసారి రాసేయండి. దరఖాస్తులు ఆగస్టు చివర, సెప్టెంబరులో, పరీక్ష ఫిబ్రవరిలో, ఫలితాలు మార్చిలో. 2026 గేట్‌కు ఫీజు 2,000 రూపాయలు, అమ్మాయిలకు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ అభ్యర్థులకు 1,000.

చదివేటప్పుడు మార్కులు పోయే చోట్లు

ఎనిమిది నెలలు, రోజుకు మూడు గంటలు నిజంగా కూర్చుంటే ఎక్స్‌ఈ సీ-సెక్షన్ చక్కగా పూర్తవుతుంది. ఎన్‌పీటెల్‌లో ఐఐటీల ఉచిత ఆన్‌లైన్ పాఠాలు చాలు, దానికి కోచింగ్ అక్కర్లేదని మా అభిప్రాయం. మ్యాథ్స్‌కి మాత్రం రోజూ అరగంట కేటాయించండి.

మల్టిపుల్ ఛాయిస్ ప్రశ్న తప్పైతే ఒక మార్కుదానికి మూడో వంతు, రెండు మార్కులదానికి మూడింట రెండు వంతులు కోత. అంకె టైపు చేసే ప్రశ్నలకు, ఒకటికి మించి సరైన సమాధానాలుండే ప్రశ్నలకు కోత లేదు. కానీ అంకె ప్రశ్నలో ఆప్షన్లు ఉండవు కాబట్టి చిన్న పొరపాటు జరిగినా తెలియదు. మెటీరియల్స్‌లో ఆ పొరపాట్లు ఎక్కడ జరుగుతాయో ముందే తెలుసుకుంటే మంచిది.

లివర్ రూల్, అంటే మిశ్రమంలో ఏ భాగం ఎంత ఉందో తేల్చే లెక్క, తీసుకోండి. 0.4 శాతం కార్బన్ స్టీలును నెమ్మదిగా చల్లారిస్తే ఫెరైట్ ఎంత అని అడిగారు. యూటెక్టాయిడ్‌కు (0.76 శాతం కార్బన్ దగ్గర పెర్లైట్ ఏర్పడే దశకు) ముందు ఏర్పడిన ఫెరైట్ అయితే 0.76లో నుంచి 0.40 తీసి, దాన్ని 0.76లో నుంచి 0.022 (ఫెరైట్‌లో కరిగే గరిష్ఠ కార్బన్) తీసిన దానితో భాగించాలి: 0.49. మొత్తం ఫెరైట్ అయితే అవతలి కొస సిమెంటైట్, 6.70: అప్పుడు 6.30ని 6.678తో భాగిస్తే 0.94. రెండూ సరైన లెక్కలే, ప్రశ్న దేన్ని అడిగిందన్నదే తేడా. ప్రశ్నలో "ప్రోయూటెక్టాయిడ్" అన్న మాట కింద గీత గీసుకునే అలవాటు చేసుకోండి.

ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో యంత్రం ఇచ్చేది రెండు తీటా, బ్రాగ్ సూత్రంలో ఉండేది తీటా. అల్యూమినియం లాటిస్ (పరమాణువుల అమరిక) కొలత 4.05 ఆంగ్‌స్ట్రామ్‌లు, రాగి ఎక్స్‌రే తరంగదైర్ఘ్యం 1.5406 అనుకుంటే, 111 తలానికి తీటా 19.2 డిగ్రీలు, గ్రాఫులో శిఖరం 38.5 దగ్గర వస్తుంది. ఈ లెక్క కాగితం మీద ఒకసారి చేసి చూడండి, ఇక మరిచిపోరు.

డిఫ్యూజన్‌లో లోతు కాలం వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది: కార్బురైజింగ్ (స్టీలు పైపొరలోకి కార్బన్ ఎక్కించడం) లోతు రెట్టింపు కావాలంటే సమయం నాలుగు రెట్లు. ఇక్కడ ఉష్ణోగ్రతను సెల్సియస్‌లోనే ఉంచేసి ఎక్స్‌పొనెన్షియల్‌లో వేయడం అందరూ చేసే తప్పు, 273 కలపాలి. పరీక్షలో తెర మీది కాలిక్యులేటరే వాడాలి. దాని మీద బ్రాకెట్లు, లాగరిథమ్‌లు కొట్టడం మామూలు కాలిక్యులేటరు కంటే నెమ్మది. చివరి రెండు నెలలు అభ్యాసమంతా దాని మీదే చేయండి.

సర్టిఫికెట్లు: స్కోరు వచ్చాక కాదు, ముందే

కేంద్ర సంస్థల్లో ఓబీసీ రిజర్వేషన్‌కు రాష్ట్రం ఇచ్చే బీసీ-ఏ, బీసీ-డీ సర్టిఫికెట్ పనికిరాదు. కేంద్ర ఫార్మాట్‌లో ఓబీసీ నాన్-క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి, అదీ ఆ ఆర్థిక సంవత్సరంలో, అంటే ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. రాష్ట్ర జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు, ముందు అది సరిచూసుకోండి. ఈడబ్ల్యూఎస్‌దీ అదే పద్ధతి, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు. ఏప్రిల్ మొదటి వారంలోనే మీ వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టి, తహసీల్దారు సంతకం దాకా వెంటపడండి. మే నెలలో మొదలుపెడితే కౌన్సెలింగ్ గడువు దాటిపోయే ప్రమాదముంది.

పదో తరగతి మెమో, ఆధార్, బీటెక్ మెమోల్లో పేరు, ఇంటిపేరు ఒకేలా ఉన్నాయా చూడండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉండటం మన దగ్గర మామూలే. గేట్ దరఖాస్తులో పేరు గుర్తింపు కార్డులో ఉన్నట్టే ఉండాలి.

మార్చి తర్వాత

ఫలితాలు రాగానే మూడు వేర్వేరు దారులు మొదలవుతాయి. వీటిని ఒకటిగా కలిపి చూడటమే పెద్ద పొరపాటు.

ఐఐటీలకు ప్రతిదానికీ విడిగా దరఖాస్తు పెట్టాలి, ఎక్కువగా మార్చి, ఏప్రిల్‌లో. దాంతోపాటు కోప్ అనే ఉమ్మడి పోర్టల్‌లో రిజిస్టర్ కావాలి. కోప్‌లో రిజిస్టర్ అయితే అన్ని ఐఐటీలకూ దరఖాస్తు చేసినట్టు కాదు. అది ఆఫర్లు చూపించే, వాటి మీద నిర్ణయం చెప్పే చోటు మాత్రమే. ఆఫర్ వస్తే మూడు దారులు: ఒప్పుకుని ఆగిపోవడం, ఉంచుకుని ఎదురుచూడటం, వద్దని ఎదురుచూడటం. వద్దన్న ఆఫర్ మళ్లీ రాదు. గడువులోపు ఏ బటనూ నొక్కకపోయినా ఆఫర్ పోతుంది, కాబట్టి రౌండ్లు నడిచే రోజుల్లో ఊరి ప్రయాణాలు పెట్టుకోకండి. మన దగ్గర్లో చూడాల్సినవి కందిలోని ఐఐటీ హైదరాబాద్, మద్రాస్ ఐఐటీ. మద్రాస్‌లో రీసెర్చ్ ద్వారా చేసే ఎమ్మెస్ కూడా ఉంది, దానికి ఇంటర్వ్యూ కీలకం. బెంగళూరు ఐఐఎస్సీకి దరఖాస్తు గడువు ఫలితాలు రాకముందే మొదలై త్వరగా ముగుస్తుంది, ఫిబ్రవరి నుంచే గమనిస్తూ ఉండండి.

నిట్‌లకు సీసీఎంటీ ఉమ్మడి కౌన్సెలింగ్. అర్హత బీటెక్‌లో 6.5 సీజీపీఏ లేదా 60 శాతం, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 6.0 లేదా 55. ఆప్షన్లు ఎన్నైనా పెట్టొచ్చు, మీరు నిజంగా చేరేవి మాత్రమే, కోరిక వరసలో పెట్టండి. గత ఏడాది కటాఫ్ చూసి భయపడి, ఇష్టమైనదాన్ని కిందికి నెట్టకండి. పైన పెట్టినందువల్ల కింది సీటు దక్కే అవకాశం తగ్గదు. వరంగల్, తిరుచ్చి, రూర్కెలా, సూరత్కల్ నిట్‌లలో ఈ విభాగానికి బలమైన చరిత్ర ఉంది.

మూడోది ఏపీ పీజీఈసెట్. గేట్ అర్హత రాకపోతే రాష్ట్ర యూనివర్సిటీలకు ఇది దారి.

గేట్ అర్హతతో పూర్తికాల ఎంటెక్‌లో చేరినవాళ్లకు నెలకు 12,400 రూపాయల స్టైపెండ్, 24 నెలలు. బదులుగా వారానికి ఎనిమిది గంటలు ల్యాబులోనో ట్యుటోరియల్స్‌లోనో పని చేయాలి. హాస్టలు, మెస్సుకు సర్దుకుపోతే సరిపోతుంది, ఇంటికి పంపేంత మిగలదు.

ఉద్యోగం గురించి చేరకముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. ప్రభుత్వ రంగ సంస్థల మెటలర్జీ పోస్టులకు చాలా ప్రకటనల్లో చూసేది బీటెక్ బ్రాంచినే. మెకానికల్ బీటెక్ చేసి మెటీరియల్స్ ఎంటెక్ చేస్తే ఆ పోస్టులకు అర్హత వస్తుందనుకోకండి, మెకానికల్ పోస్టులకే వస్తుంది. ప్రైవేటు రంగంలో, పరిశోధనలో ఆ అడ్డు తక్కువ: స్టీలు కంపెనీలు, బ్యాటరీలు, సెమీకండక్టర్లు, విమాన భాగాలు. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో రక్షణ రంగ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్, ప్రత్యేక లోహాలు తయారుచేసే మిధాని, బాలాపూర్‌లో మెటీరియల్స్ పరిశోధన కేంద్రం ఏఆర్‌సీఐ ఉన్నాయి. అక్కడ ప్రాజెక్టు చేయించే గైడు దొరికితే వదులుకోకండి.

జర్మనీ వైపు చూసేవాళ్లకు

ఎక్కువ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం సెమిస్టరుకు 1,500 యూరోలు, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీలో కూడా విదేశీయులకు ఫీజు ఉంది. వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు కొంత మాత్రమే తీసుకోగల ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపాలి. భారతీయులకు చదువు పత్రాలు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి, దానికి నెలలు పట్టొచ్చు. మీ యూనివర్సిటీ నుంచి ట్రాన్స్‌క్రిప్టులు తెప్పించుకునే పని అన్నిటికంటే ముందు పెట్టుకోండి. మీ గ్రేడును వాళ్ల లెక్కలోకి మార్చేటప్పుడు కనీస పాస్ పాయింటు ముఖ్యం: 10కి 8.2 ఉంటే, పాస్ 4 అనుకుంటే 1.9, పాస్ 5 అనుకుంటే దాదాపు 2.1. జర్మనీలో అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. కాబట్టి పాస్ పాయింటు స్పష్టంగా రాసిన యూనివర్సిటీ పత్రం జత చేయండి. మెకానికల్ వాళ్లు మెటీరియల్స్, కెమిస్ట్రీ, ఫిజిక్స్ సబ్జెక్టుల సిలబస్ కాపీలు కూడా సిద్ధం చేసుకోవాలి, క్రెడిట్లు చాలకనే చాలా దరఖాస్తులు తిరిగొస్తాయి.

చేరాక: గైడు, థీసిస్

మొదటి రెండు సెమిస్టర్లు క్లాసులు, చివరి రెండు థీసిస్. గైడును పేరు చూసి కాదు, ల్యాబు చూసి ఎంచుకోండి. మొదటి సెమిస్టరులోనే ఆ గ్రూపులో పనిచేసే పీహెచ్‌డీ సీనియర్లను కలిసి మూడు విషయాలు అడగండి: ఫర్నేసు నడుస్తోందా, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు స్లాటుకు ఎన్ని వారాలు ఆగాలి, పోయిన ఏడాది ఎంటెక్ వాళ్లు సమయానికి సబ్మిట్ చేశారా. ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు లేకపోతే అడుగు పడని అంశం ఏడాది థీసిస్‌కు పెట్టుకుంటే, స్లాటు దొరక్క, దొరికిన రోజు శాంపిల్ పాడై, రిపోర్టు ఖాళీగా మిగులుతుంది. దాన్ని అదనంగా పెట్టుకోండి, అసలు వాదన ఆప్టికల్ మైక్రోస్కోపు, హార్డ్‌నెస్, ఎక్స్‌రే మీద నిలబడేలా చూసుకోండి.

ముడి లోహం కొనుగోలు కాగితాలు సంస్థల్లో నెలలు నడుస్తాయి. రెండో సెమిస్టరు అయ్యేసరికే ఆర్డరు వెళ్లిపోవాలి. శాంపిళ్ల లెక్క ముందే వేసుకోండి. నాలుగు ఉష్ణోగ్రతలు, మూడు సమయాలు, ఒక్కో స్థితికి టెన్సైల్ (లాగి బలం చూసే) ముక్కలు మూడు అంటే 36. ఒక్కో స్థితికి మైక్రోస్కోపుకు ఒక ముక్క చొప్పున మరో 12. వేడి చేయని మూల లోహానికి నాలుగు. మెషినింగ్‌లో పాడయ్యేవాటికి పదిశాతం అదనం. అన్నీ ఒకే హీటు (ఒకసారి కరిగించి పోసిన లోహం) నుంచి, ఒకే ప్లేటు నుంచి, రోలింగ్ దిశ మార్కరుతో గీసి కోయించండి. మధ్యలో చాలక రెండో ప్లేటు తెప్పిస్తే రసాయన కూర్పులో తేడా వచ్చి, మీ ఫలితాల్లో మార్పు హీట్ ట్రీట్‌మెంట్ వల్లా, ప్లేటు వల్లా అన్న ప్రశ్నకు వైవాలో సమాధానం ఉండదు. ప్రతి ముక్క మీదా నంబరు పంచ్ కొట్టండి, ఫర్నేసు వేడికి మార్కరు రాత చెరిగిపోతుంది.